వెంట్రుకవాసి

గెథిన్ తెచ్చి వంటగది బల్ల మీద పెట్టాడు.
అగ్గిపెట్టెలో సగం ఉంటుంది, నల్లటి ముక్క,
ఎర్ర తీగ ఒకటి, నల్ల తీగ ఒకటి.
"బిగించండి లౌరీ, ఇక మరిచిపోండి" అన్నాడు.

డోల్గెథ్లైలో మూడు రోజులుగా ముసురు.
ఇలాంటి పొద్దున తాళం తిప్పితే
షెడ్డులో నా ఎం.జి.బి. దగ్గుతుంది,
దగ్గి, ఊరుకుంటుంది.
నాకంటే పదకొండేళ్ళు చిన్నది.
నలభై ఆరేళ్ళుగా దాని పాయింట్లు సరిచేసేది నేనే.

డిస్ట్రిబ్యూటర్ మూత కింద రెండు లోహపు చుక్కలు.
కలుస్తాయి, విడిపోతాయి.
విడిపోయిన ప్రతిసారీ అవతల ఒక నిప్పురవ్వ.
కలిసి ఉన్నప్పుడు కాదు, విడిపోయినప్పుడే.
ఇది నాకు ఒంటబట్టడానికి ఒక పెళ్ళి ఖర్చయింది.

వాటి మధ్య ఎడం
అంగుళాన్ని వెయ్యి చేస్తే అందులో పదిహేను,
వెంట్రుకలు ఐదు పేరిస్తే అంత.
కొలిచే రేకు దూర్చి లాగితే
వేలికి చిన్న పట్టు తగలాలి,
వెన్నలో కాదు, మైనంలో కత్తి కదిలినట్టు.

ఆ పట్టు ఈమధ్య వేలికి తెలియడం లేదు.
పోయిన నెల స్క్రూ జారింది,
ఆవగింజంత.
పుల్లకి అయస్కాంతం కట్టి గంటన్నర వెతికాను.
నా స్వెట్టరు మడతలో దొరికింది.

ఒకసారి, చలివాకిలి అని మావాళ్ళు పిలిచే కనుమ మీద,
చీకటి పడుతుండగా ఆగిపోయింది.
ఆగడమంటే
నసిగి, గునిసి, రెండు మైళ్ళ ముందే చెప్పి మరీ ఆగింది.
నేనప్పుడు బస్సు కండక్టర్ని.
గోళ్ళు రుద్దుకునే ఆకురాయితో పాయింట్లు రుద్దాను.
ఒకదాని మీద గుంట, ఎదుటిదాని మీద బొడిపె,
ఒకరు పోగొట్టుకున్నది ఇంకొకరు దాచుకున్నట్టు.
ఎడం కొలవడానికి జేబులో ఉన్నదొక్కటే,
పొద్దుటి ట్రిప్పులో మిగిలిన టికెట్టు.
రెండుసార్లు మడిచాను, నాలుగు పొరలు.
ఆ కొలతతోనే ఆరు నెలలు తిరిగాను.

"ఇది అరగదు" అంటాడు గెథిన్.
"దేన్నయినా తాకితే కదా అరగడానికి."
నిజమే. అయస్కాంతం తిరుగుతుంది,
ముక్క దూరం నుంచి గమనిస్తుంది, అంతే.
"మరి పాడైతే?"
చాలాసేపు టీలో చెంచా తిప్పాడు.
"పాడైతే... అంతే. చెప్పాపెట్టకుండా."

ఈ ఇంట్లో రెండు రకాలూ చూశాను.
నాన్న, గెథిన్ కూర్చున్న కుర్చీలోనే,
"ఆ ఉప్పు ఇటు" అన్నాడు.
ఉప్పు నా చేతిలోనే ఉండిపోయింది.
అమ్మ తొమ్మిదేళ్ళు అరిగింది.
మొదట వారాల పేర్లు, తర్వాత పొయ్యి ఆర్పడం,
తర్వాత నేను.
ఏ రోజుకారోజు కాస్త సరిచేసుకుంటూ వచ్చాను,
ఏ రేకూ లేకుండా, చేతి వాటంతో.
ఏది మేలు అంటే ఏం చెప్పను?
నాన్న చావుకి ఏడవడానికి టైము దొరకలేదు.
అమ్మ చావుకి ఏడుపు మిగల్లేదు.

"ఇది కారు, లౌరీ" అన్నాడు గెథిన్, మెల్లగా.
పైకే అనేశానేమో.

శనివారం వాన తెరిపిచ్చింది. బిగించాం.
నా కారు పాత కాలంది, పాజిటివ్ ఎర్త్.
ఎరుపూ నలుపూ తారుమారైతే
ముక్క మసైపోవడానికి క్షణం చాలు.
రెండుసార్లు అతను చూశాడు, మూడోసారి నేను.
ఒక్క తిప్పుకే అందుకుంది.
దగ్గు లేదు, గొణుగుడు లేదు,
నలభై ఆరేళ్ళ నా ఓపికకి కాస్త సిగ్గేసింది.
బాగానే ఉంది. ఆ మాటా చెప్పాలి కదా.

పాత పాయింట్లు, కండెన్సర్, ఆ ఆవగింజ స్క్రూ
దగ్గు బిళ్ళల డబ్బాలో సర్ది
సీటు ముందు అరలో పెట్టాను,
నాలుగు పొరల కాగితంతో సహా.
గెథిన్ చూశాడు. ఏమీ అనలేదు.

మూడు వేల మైళ్ళకోసారి
ఇప్పటికీ ఆ మూత విప్పుతాను.
లోపల చూడడానికేం లేదు.
చూసి, మూస్తాను.